పులిహోర మెయిల్స్

గురువారం మీటింగ్‌లో తెలుగు ఉంటుందో పోతుందో తేలిపోతుందని రాజీవ్ చెప్పినప్పుడు నమ్రత అతని ముఖం చూడలేదు. అతని వెనక కిటికీలోంచి పార్కింగ్ లాట్‌లోకి చూసింది. నార్త్ కరోలినాలోని ఈ క్యారీ ఊళ్ళో వసంతం వస్తే పైన్ చెట్ల పుప్పొడి కార్లన్నిటి మీదా పసుపు చల్లినట్టు పడుతుంది. తన కారేదో పోల్చుకోవడం కష్టంగా ఉంది.

"నంబర్స్ చూసినవా?" అన్నాడు రాజీవ్. అతనిది వరంగల్. మేనేజరయ్యాక కూడా తెలుగువాళ్ళతో ఎక్కువసేపు ఇంగ్లిష్‌లో ఉండలేడు. "టెస్టులల్ల మనదే టాప్. బయట మాత్రం జనం వారం తిరగకముందే ఆఫ్ చేస్తున్నరు. ఎవ్వరూ వాడనిదాన్ని నెక్స్ట్ వెర్షన్‌ల ఎందుకు మొయ్యాలె అని కాలిఫోర్నియా టీమ్ అడుగుతున్నరు. నేనేం చెప్పాలె?"

"గురువారం దాకా ఏమీ చెప్పకు."

"ఏం, మ్యాజిక్ చేస్తవా?"

ఆమె బ్యాగ్ తీసుకుని లేచింది. ఆ కంపెనీ ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అందులో తెలుగు తప్పులు పట్టుకునే భాగం నమ్రతది. తప్పనిపించిన మాట కింద ఎర్ర గీత పడుతుంది, అంతే. చదువు ముగించి ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆమె చేసింది ఆ ఒక్క పనే. మనుషులతో తక్కువగా, మాటలతో ఎక్కువగా గడపడానికి వీలున్న పని కాబట్టి అది ఆమెకు నచ్చింది. ఇప్పుడు మనుషులే దాన్ని ఆఫ్ చేస్తున్నారు. ఎందుకని వాళ్ళను అడగాలన్న ఆలోచన తనకింత ఆలస్యంగా ఎందుకు వచ్చిందా అనుకుంటూ కారెక్కింది.

వాళ్ళ కాలనీలో తెలుగు కుటుంబాలకు ఒక మెయిల్ గ్రూప్ ఉంది. దాన్ని నడిపేది వసంతలక్ష్మి. ఫార్మా కంపెనీలో రిపోర్టుల్లో తప్పులు వెతకడం ఆవిడ ఉద్యోగం. అందుకే నమ్రత ముందుగా ఆవిడ తలుపు తట్టింది.

"ఆఫ్ చేశారా అని అడుగుతున్నావా? ఎప్పుడో చేసేశా!" అంది వసంతలక్ష్మి, లాప్‌టాప్ ముందుకు లాక్కుంటూ. "ఇదుగో, ఆన్ చేస్తున్నా, నువ్వే చూడు."

తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే పాట్‌లక్ గురించి ఆవిడ రాసి పెట్టుకున్న మెయిల్ అది. శనివారం హాల్‌కి ఎవరు ఏం తెస్తున్నారో రిప్లై ఆల్ కొట్టండి, లేట్ చేయకండి, పార్కింగ్‌లో డబుల్ పార్క్ చేస్తే నేను ఊరుకోను. ఒక్క క్షణంలో ఇంగ్లిష్ మాటలన్నిటి కిందా గీతలు పడి మెయిలంతా ఎర్రబడింది.

"చూశావా? మా అమ్మాయి అనుష్క చిన్నప్పుడు క్లాసులో టీచర్ దిద్ది ఇచ్చిన పేపర్‌లా లేదూ? నాకు తెలుగు రాదని ఈ మిషన్ చెప్తుందా?"

నమ్రత గీత పడ్డ మాటలు ఒక్కొక్కటే చదివింది. "కానీ ఆంటీ, టెస్టింగ్ కోసం శాంపిల్ మెయిల్స్ కావాలంటే మీరూ పంపారుగా. అందులో ఇలాంటి మాట ఒక్కటీ లేదు."

"ఎందుకుంటుందే? కంపెనీవాళ్ళు చూస్తారన్నావు. ఇంటికి చుట్టాలొస్తుంటే సోఫా మీద బట్టలు అలాగే వదిలేస్తామా?"

మర్నాడు ఆఫీసులో నమ్రత ఆ శాంపిల్ మెయిల్స్ అన్నీ మళ్ళీ తెరిచింది. ప్రతి ఇంట్లోనూ సోఫా మీది బట్టలు తీసేసి ఉన్నాయి. పాట్‌లక్ సామూహిక విందయింది. ఆఫీస్ కార్యాలయమయింది. ఆదివారం ఎయిర్‌పోర్ట్‌లో డ్రాప్ చేస్తావా అని అడిగే మనిషి 'విమానాశ్రయమునకు చేర్చగలరని మనవి' అంటున్నాడు. వాటిలో ఆమె రాసిందీ ఒకటుంది. ఆ భాషలో ఆమె ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరో చూస్తున్నారని తెలియగానే మనిషి తనకు తెలియకుండానే నిటారుగా కూర్చుంటాడు. తను ఇన్నాళ్ళూ ఆ నిటారుగా కూర్చున్న మనుషుల కోసం ఒక యంత్రాన్ని తయారుచేసింది. అది వాళ్ళు ఒళ్ళు వాల్చి మాట్లాడుకుంటున్న గదిలోకి వెళ్ళి, ప్రతి మాటకూ ముఖం చిట్లిస్తోంది. ఆఫ్ చేయక ఏం చేస్తారు?

మామూలుగా రాసి పంపండని అడిగితే లాభం లేదు. సహజంగా నవ్వండి అని ఫొటోగ్రాఫర్ అన్నాక ఎవరి నవ్వూ సహజంగా ఉండదు. చాలాసేపు ఆలోచించి ఆమె గ్రూప్‌కి ఒక మెయిల్ పెట్టింది. అందులో శాంపిల్స్ ఊసే లేదు.

"పోయిన పాట్‌లక్‌కి అందరూ పులిహోరే తెచ్చారు. కూర లేదు. ఈసారి పులిహోర ఎవరు మానేస్తారు?"

కాఫీ కప్పుతో తిరిగొచ్చేసరికి ఇన్‌బాక్స్ నిండిపోయింది.

"నేను చేసేది గోంగూర పులిహోర, దాన్ని మామూలు పులిహోరలో కౌంట్ చేయొద్దు" అని స్పందన రాసింది. "ఫస్ట్ సైనప్ చేసింది నేను, టైమ్ స్టాంప్ చెక్ చేస్కోండ్రి" అని జగదీష్. "మా ఆవిడను పులిహోర మానేయమంటే నన్ను హాల్‌కి డ్రైవ్ చేయనివ్వదు" అని వీరభద్రరావు. నిటారుగా కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. నమ్రత ఒంటరిగా కూర్చుని పైకే నవ్వింది.

తర్వాత ఉన్న విషయం దాచకుండా రాసింది. మీరు మాట్లాడుకునే తెలుగు మా సాఫ్ట్‌వేర్‌కి తెలియదు, ఈ మెయిల్స్‌తో దానికి నేర్పించవచ్చా అని అడిగింది. అందరూ సరేనన్నారు. "వాడుకో తల్లీ, కానీ నా పులిహోర సంగతి తేల్చినంక" అన్నాడు జగదీష్.

అప్పటిదాకా ఆ సాఫ్ట్‌వేర్ మెయిల్ మొత్తానికీ ఒకే భాష అని తీర్మానించుకుని, అందులో ఇమడని ప్రతి మాటనూ తప్పు పట్టేది. నమ్రత ఆ తీర్మానాన్ని తీసేసింది. ఇప్పుడది ఒక్కో మాట దగ్గరా ఆగుతుంది, ఈ ఇంట్లో దీన్ని ఇలాగే అంటారా అని చూస్తుంది, అంటారనిపిస్తే ముందుకు వెళ్తుంది.

మార్చిన సాఫ్ట్‌వేర్‌ను వాడి చూపించమని నమ్రత పిలిస్తే, గురువారం కాన్ఫరెన్స్ రూమ్‌కి వసంతలక్ష్మి సిల్కు చీర కట్టుకుని, దాని మీద విజిటర్ స్టిక్కర్ అంటించుకుని వచ్చింది. గోడ మీది తెరలో కాలిఫోర్నియా టీమ్ ఉంది. ఆవిడ టైప్ చేస్తుంటే వాళ్ళూ చూస్తారు.

"ఆంటీ, ఏదన్న ఒక మెయిల్ రాయండి, మీ ఇష్టం" అన్నాడు రాజీవ్.

వసంతలక్ష్మి గొంతు సవరించుకుంది. వీపు నిటారుగా పెట్టింది. 'గౌరవనీయులైన పెద్దలకు నమస్కరించి వ్రాయునది' అని మొదలుపెట్టింది.

ఈ తెలుగులో పాత సాఫ్ట్‌వేర్ కూడా తప్పు పట్టదు. ఇక్కడ ఏ తేడా కనిపించదు. మధ్యలో ఆపి మామూలుగా రాయమంటే ఆవిడ ఇంకా బిగుసుకుపోతుంది. సరిగ్గా అప్పుడు నమ్రత ఫోన్ చిన్నగా మోగింది. గ్రూప్ మెయిల్. ఆమె ఫోన్ తీసుకెళ్ళి ఆవిడ పక్కన పెట్టింది.

"ఆంటీ, జగదీష్ అంకుల్ మళ్ళీ పులిహోరే తెస్తారట. మీరేమన్నా సరే, రెండు ట్రేలట."

"రెండు ట్రేలా!"

ఆవిడ వీపు కుర్చీకి ఆనింది. గౌరవనీయులైన పెద్దలు ఒక్కసారిగా చెరిగిపోయారు. వేళ్ళు పరిగెత్తాయి. "జగదీష్ గారూ, రెండు ట్రేలు తెస్తే ఎవరు ఫినిష్ చేస్తారు? పోయినసారి లెఫ్టోవర్స్ మా ఫ్రిజ్‌లో పెట్టి మీరు హాయిగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళిపోయారు. ఈసారి కర్రీ తేకపోతే మిమ్మల్ని డోర్ దగ్గరే ఆపేస్తా."

తెర మీద ఒక్క ఎర్ర గీత లేదు.

"ఇంతకీ అది ఆన్‌లో ఉందా?" అని కాలిఫోర్నియా నుంచి ఒకావిడ అనుమానంగా అడిగింది.

అప్పటికే వసంతలక్ష్మి కోపంలో తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయింది. తొందరలో ఒక మాటలో అక్షరాలు తారుమారయ్యాయి. దాని కింద, దాని ఒక్కదాని కిందే, గీత పడింది.

"అబ్బో, ఇది మాత్రం నా తప్పే!" అని ఆవిడ పకపకా నవ్వి దిద్దుకుంది. "ఇప్పుడైతే దీంతో నాకు పేచీ లేదు."

తెలుగు తీసేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తెరలో ఉన్న స్పానిష్ టీమ్ మనిషి, మా ఇళ్ళల్లోనూ ఇదే కథ, ఎలా చేశారో మాకూ చెప్తారా అన్నాడు. నెక్స్ట్ వెర్షన్‌లో తెలుగు మొదటి వరసలో ఉంటుందని ఆ కాలిఫోర్నియా ఆవిడే ప్రకటించింది. కాల్ ముగియగానే రాజీవ్ టేబుల్ మీద దరువేశాడు.

"పులిహోరతోని గెలిచినవ్ గదనే! నేను రిపోర్ట్‌ల ఏమని రాయాలె?"

"ఉన్నదున్నట్టు రాయి" అంది నమ్రత.

వసంతలక్ష్మిని కారుదాకా సాగనంపి, ఎండలో నిలబడి ఫోన్ తీసింది. పాట్‌లక్ లిస్టులో తన పేరు పక్కన ఎప్పుడూ పేపర్ ప్లేట్లే ఉంటాయి. ప్లేట్లు ఒక మూల పెట్టేస్తే చాలు, ఎవరూ రుచి ఎలా ఉందని మాట్లాడరు. ఆమె తోచినట్టు టైప్ చేసింది.

"ప్లేట్స్ ఈసారి ఇంకెవరైనా పికప్ చేయండి. నేను గుత్తొంకాయ ట్రై చేస్తున్నా. బాగాలేకపోతే మొహం మీదే చెప్పేయండి."

ఆ మాటల కింద ఏ గీతా లేదు. చేతి వెనకభాగంతో కారు అద్దం మీది పుప్పొడి తుడిచి, సెండ్ నొక్కింది. ఇంజన్ స్టార్ట్ చేసేలోపే ఫోన్ మోగడం మొదలుపెట్టింది.