తూకమెక్కిన రాయి

నేను ఒక రెండు కిలోల తూకపు రాయిని. బజారులో అడుగుపెట్టిన రోజున నా చేతిలో ఉన్న పెట్టుబడి ముందు చెప్తాను. తర్వాత లెక్క చూసుకోవడం మీకూ నాకూ సులువు. ఆరు పలకల ఇనుప ఒళ్ళు. అడుగున చిన్న గుంట, అందులో కరిగించి పోసిన సీసం, ఆ సీసం మీద తూనికలు కొలతల శాఖవారి ముద్ర. అంతే. కాళ్ళు లేవు, నోరు లేదు. అయినా నా మాటకి ఎదురు లేదు. తక్కెడలో ఒక పక్కన నేను కూర్చుంటే రెండో పక్కన బెల్లమైనా, కందిపప్పైనా నా అంత అయ్యేదాకా పడాల్సిందే.

కంచరపాలెంలో ఒక పోత షెడ్డులో ఇసుక అచ్చులోంచి నన్ను బయటికి తీశారు. అక్కణ్ణుంచి అనకాపల్లిలో భీమరశెట్టి అప్పలస్వామి కిరాణా కొట్టుకి చేరాను. అప్పలస్వామి గట్టి వ్యాపారి. అంటే, నోటితో కుశలమడుగుతూ వేలితో పళ్ళేన్ని ఆపగలిగినవాడు. ఆయన పోయాక కూతురు వరహాలు కొట్టెక్కింది. తమ్ముడు నూకేశ్వరరావు అప్పటికి కాలేజీలో ఉన్నాడు. వరహాలు తూకం వేరు. ముల్లు నిటారుగా నిలిచాక ఇంకొక చారెడు వేసి పళ్ళెం కొనేవాళ్ళ వైపు వంగనిచ్చేది. దాన్ని మొగ్గు అంటారు. తండ్రి కూడబెట్టింది కూతురు మొగ్గు కింద ధారపోస్తోందని బజారంతా నవ్వింది. కొట్టు మాత్రం పెరిగింది. లాభనష్టాల లెక్కలో మనుషులు ఎక్కడ తప్పుతారో నాకు అక్కడే తెలిసింది.

తర్వాత ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. నన్ను పొట్లాల కాగితాలు ఎగిరిపోకుండా వాటిమీద కూర్చోబెట్టారు. వరహాలు కొట్టు తమ్ముడికి అప్పగించి, పెళ్ళి చేసుకుని వెళ్ళింది. పిల్లలు కలగలేదు. భర్త పోయాక తమ్ముడింటికే తిరిగొచ్చింది. ఈలోగా మెయిన్ రోడ్డు మీద చల్లగా ఏసీ వేసుకుని ఒక సూపర్ మార్కెట్ కూర్చుంది. నూకేశ్వరరావు కొట్టు మూసేశాడు. పాత సామాన్లవాడు నన్ను గోనెలో వేసుకుని మెట్టు దిగుతుంటే, "ఆ రాయి ఉంచీ బాబూ, మా అప్ప చేతిది" అని వెనక్కి పిలిచాడు. మా వైపు అక్కని అప్ప అంటారు.

గాజువాక ఆటోనగర్‌లో ఒక మందుల గోడౌన్లో స్టాకు చూసే ఉద్యోగం దొరికింది నూకేశ్వరరావుకి. తెల్లారకముందే అనకాపల్లిలో రైలెక్కాలి. దువ్వాడలో దిగి షేర్ ఆటో పట్టుకోవాలి. పొద్దుపోయాక మళ్ళీ అదే దారిన వెనక్కి. ఉదయం ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ, సాయంత్రం స్టేషను బయట బజ్జీ, మధ్యలో కుర్చీ. కొట్లో ఉన్నప్పుడు బస్తాలెత్తిన మనిషికి బొజ్జ వచ్చింది. చొక్కా బొత్తాలు కాజాలని అందుకోలేకపోయాయి. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. సుఖపడుతున్నాడన్నారు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. వరహాలు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. విశాఖలో డయాలసిస్ మొదలైంది. తమ్ముడి కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్న రోజునే డాక్టరు నూకేశ్వరరావుని కూర్చోబెట్టి చెప్పాడు.

"మీ కిడ్నీ బాగుందండి. మీరే బాగోలేదు. ఇంత బరువుతో కోస్తే మీ ప్రాణం మీదికొస్తుంది. నేను చెయ్యను."

కాగితం మీద ఉండాల్సిన బరువు దగ్గర ఒక గీత గీసి, ఆ గీతకి ఇటువైపు రమ్మన్నాడు. ఎంత గడువని అడిగితే పక్కనున్న వరహాలు చేతికేసి చూశాడు. డయాలసిస్ సూది గుచ్చే నరం అప్పటికే ఒకసారి మూసుకుపోయి తెరుచుకుంది. రెండో చేతిలో పనికొచ్చే నరం లేదు.

"కార్తీకం దాటనివ్వకండి."

అప్పుడు శ్రావణం నడుస్తోంది.

మొదటి వారం నూకేశ్వరరావు దువ్వాడలో ఆటో మానేసి నడిచాడు. గోడౌన్ చేరేసరికి గేటు దగ్గర మేనేజర్ రాజుగారు నిలబడి ఉన్నారు. "ఏవండీ, ఉద్యోగానికొస్తున్నారా, పాదయాత్రకొస్తున్నారా? ఇంకోసారి లేటైతే ఇలాగే వెనక్కి నడుచుకుంటూ పోండి." జీతం పోతే ఆస్పత్రి గుమ్మం ఎక్కలేడు. నడక మానేశాడు. రాత్రి ఇంటికొచ్చాక నడుద్దామని బూట్లు కొన్నాడు. ఆ బూట్లు కాళ్ళకుండగానే కుర్చీలో నిద్రపోయాడు. పార్కు పక్కన జిమ్‌లో చేరదామని వెళ్తే, అది తెరిచేసరికి ఆయన రైల్లో ఉంటాడు, ఆయన రైలు దిగేసరికి అది మూసేస్తారు. ఒక మనిషి రోజంతా వెతికినా తనకోసం ఒక గంట దొరకని బజారు అది. నేను చాలా కరువులు చూశాను. సరుకుంది, కొనేవాడున్నాడు, మధ్యలో తలుపే తెరుచుకోని కరువు మాత్రం కొత్త.

భాద్రపదం వచ్చింది. బరువు కదల్లేదు. నూకేశ్వరరావు భార్య కనకం ఒక ఆదివారం అన్నం వడ్డిస్తూ ఆగింది.

"ఏటండీ, ఒక్క మాటడుగుతాను. కిలో పంచదార కొనలేనోళ్ళొస్తే మీ నాన్నగారేం చేసీవోరు? పొమ్మనీవోరా?"

"పొట్లాలు కట్టీవోడు."

"మరి మీరేటి, గంట, గంట అని ఏడుస్తన్నారు? గంట మనకి దొరకదు. దొరికినకాడికి పొట్లం కట్టండి."

ఇంతటి వ్యాపారం మాట ఆ కొట్లో నేనెప్పుడూ వినలేదు. కనకం ఆ మధ్యాహ్నమే పాత కాన్వాసు సంచీ కత్తిరించి నడుముకి వెడల్పాటి పట్టీ కుట్టింది. వీపు వైపు ఒక అర పెట్టి, ఇంట్లో పాత కాగితాల మీదున్న నన్ను తీసి అందులో దూర్చింది. బస్తాలు మోసిన ఒళ్ళు కదా, బరువుంటే గాని కదలదని ఆమె నమ్మకం. పైనుంచి వదులు చొక్కా.

అక్కణ్ణుంచి పొట్లాలు మొదలయ్యాయి. రైలొచ్చేదాకా ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి నడక. రైల్లో సీటున్నా కూర్చోడు. గోడౌన్లో లిఫ్ట్ ఎక్కడు. ఏ అరలో ఏ మందుందో కుర్రాళ్ళని కేకేసి అడగడం మానేసి తనే మెట్లెక్కి చూసొస్తాడు. భోజనాల వేళ సగం తిని లేచి, నన్ను బయటికి తీసి చేతులతో ఎత్తి దించుతాడు. సాయంత్రం బజ్జీల బండి ముందునుంచి తల తిప్పుకుని పోతాడు. ఆ నాలుగడుగులే ఆయనకి అన్నిటికంటే బరువైన పొట్లం.

రైల్లో తలుపు దగ్గర నన్ను ఎత్తుతూ లెక్కపెట్టుకునేవాడు. మా వర్తకుల్లో తూకానికి ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, అందులో ఏడుపుంది. ఆరున్నొకటి అంటారు. రోజూ అదే పెట్టెలో పోర్టు ఆఫీసుకి వెళ్ళే దాలినాయుడు చెవిన అది పడింది.

"ఏటి శెట్టిగారూ, రైల్లో కొట్టెట్టీసారా? అయితే నాకో అరకిలో చింతపండు కట్టండి!"

"లాభం... రెండు... మూడు..."

"ఒరే, ఈయన ఊపిరి కూడా లాభానికే పీలుస్తాడ్రా!"

పెట్టెంతా నవ్వింది. నూకేశ్వరరావు ఆపలేదు. ఎందుకలా చేస్తున్నాడో నాలుగు రోజులకి దాలినాయుడు అడిగి తెలుసుకున్నాడు. మర్నాటి నుంచి తలుపు దగ్గర ఎవరైనా నిలబడితే, "జరగండి బాబూ, లాభంగారికి జాగా ఇవ్వండి" అని తనే గదమాయించేవాడు.

ఆదివారాలు బెల్లం మార్కెట్లో దిమ్మలు తూచే పెద్ద కాటా ఎక్కేవాడు నూకేశ్వరరావు. ఎక్కేముందు పట్టీ విప్పి నన్ను గట్టు మీద పెట్టేవాడు. కాటా దగ్గరి మనిషి గట్టిగా అరిచేవాడు: "తరుగుంది శెట్టిగారూ!" సరుకు ఎండి, కారి బరువు పోతే దాన్ని తరుగంటాం. తరుగని వింటే గుండె పట్టుకోని వ్యాపారి ఆ మార్కెట్లో లేడు. ఆ మాట విని మిఠాయి పంచినంత పని చేసిన వ్యాపారి ఈయనొక్కడే. మిఠాయి పంచలేదు లెండి, తినాల్సొస్తుందని.

ఆశ్వయుజం చివర గోడౌన్లో స్టాకు తనిఖీ పడింది. వారం రోజులు అక్కడే పడక, అక్కడే పూరీలు. తిరిగొచ్చి కాటా ఎక్కితే అక్కడి మనిషి అరవలేదు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ వారమే వరహాలు చేతి నరం పూర్తిగా మూసుకుపోయింది. మెడలో గొట్టం వేసి డయాలసిస్ చేశారు. జ్వరం పట్టుకుంది. ఆస్పత్రి నుంచి నిర్మల సిస్టర్ ఫోన్ చేసింది. దాతల పనులన్నీ ఆవిడే చూస్తుంది.

"కార్తీకం చివరిదాకా ఆగేలా లేదండి. జ్వరం తగ్గిన వెంటనే చేసెయ్యాలంటున్నారు సార్. వచ్చే శుక్రవారం సాయంత్రం మీ తూకం. ఆ రోజే ఫైలు, ఆపరేషన్‌కి అనుమతిచ్చే కమిటీకి పంపేస్తాను. గీత దాటితే పంపలేను."

ఆ తొమ్మిది రోజులు పడుకునేటప్పుడు, కాటా ఎక్కేటప్పుడు తప్ప నన్ను విప్పలేదు. ఆయన చెమటకి పట్టీ తడిసి ఆరి అట్టకట్టింది. దాలినాయుడు మాట్లాడ్డం మానేసి పక్కన నిలబడి లెక్క తనే పెట్టాడు. చివరి ఆదివారం కాటా దగ్గర మళ్ళీ తరుగు కనిపించింది. కానీ గీత ఇంకా అటే ఉంది, అందీ అందనట్టు.

శుక్రవారం డ్యూటీ దిగి నూకేశ్వరరావు తిన్నగా ఆస్పత్రికి వచ్చాడు. అప్పుడే డయాలసిస్ అయిన వరహాలు చక్రాల కుర్చీలో ఉంది. పక్కన కనకం. నిర్మల సిస్టర్ చెప్పులు విప్పమంది. విప్పాడు. ఫోను, పర్సు, తాళాలు పక్కన పెట్టమంది. పెట్టాడు. తనంతట తానే ఉంగరం కూడా తీసి భార్య చేతిలో పెట్టాడు. కళ్ళు మూసుకుని యంత్రం ఎక్కాడు.

నన్ను విప్పలేదు.

మరిచిపోయాడని మీరంటారు. నేనలా అనను. మనిషి తన వీపుని విప్పి పక్కన పెడతాడా? అన్నాళ్ళు మోశాక నేను ఆయనకి బరువుగా మిగల్లేదు, ఒళ్ళైపోయాను. ఎందరి సరుకో తూచిన నేను ఆ రోజు సరుకునై, నన్ను ప్రేమగా మోసినవాడికి విరోధంగా సాక్ష్యం చెప్తున్నాను. నోరు లేదని నేనెప్పుడూ బాధపడలేదు. ఆ నిమిషంలో పడ్డాను.

యంత్రం మీద ఎర్ర అంకెలు ఆగాయి. నిర్మల సిస్టర్ రెండోసారి చూసింది.

"లేదండి. కిలోన్నర ఎక్కువుంది."

"సరిగ్గా చూడండమ్మా."

"మిషనండి అది. నా చేతిలో ఏముంది?" ఆవిడ ఫైలు మూసింది. "సార్‌తో చెప్తాను. మళ్ళీ కమిటీ ఎప్పుడో..."

నూకేశ్వరరావు దిగి రెండడుగులు వేసి వరహాలు కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అక్క ఒళ్ళో తల పెట్టేశాడు. వరహాలు ఏడవలేదు.

"ఊరుకోరా తమ్ముడూ. నువ్వు చెయ్యగలిగింది చేసావు. నా రాత నువ్వు తూస్తావేటి?"

అంటూ వీపు నిమిరింది. ఆ చెయ్యి నడుము దాకా వచ్చి ఆగింది. వేళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళి చొక్కా మీంచి నా అంచు పట్టుకున్నాయి. ఒక పలక, రెండో పలక, మూడోది. ఎన్నేళ్ళు ఆ వేళ్ళ మధ్య ఎక్కి దిగానో! జ్వరంతో కాలుతున్నా అవి నన్ను పోల్చుకున్నాయి.

"ఒరే... ఇదేట్రా? మన రెండుకిలోల రాయి కాదేటిది?"

కనకం కెవ్వుమంది. "ఓలమ్మో! నడుం పట్టీ! విప్పనేదు వదినా, ఈయన విప్పనేదు!"

నిర్మల సిస్టర్ అప్పటికి వరండా సగం దాటింది. కనకం చెప్పుల్లేకుండా పరిగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఒకసారి రాసేశాక మార్చకూడదమ్మా. ఇక్కడ ఇలాంటి కథలు చాలా చెప్తారు."

వరహాలు కుర్చీలోంచి కొట్లో పెట్టే గొంతు పెట్టింది. మెడలో గొట్టం అదిరింది.

"ఇది కథ కాదమ్మా, తూకం. మీరు మా తమ్ముణ్ణొక్కణ్ణే తూచారా? పళ్ళెంలో సరుకుతో పాటు రాయిని కూడా వేసి తూచారు. ఏ కొట్లోనైనా ఉందా తల్లీ ఈ న్యాయం? రాయి తీసి తూచండి. అప్పుడూ ఎక్కువుంటే నేను మారు మాటాడను."

చెమటకి బిగిసిన పట్టీ ముడి నూకేశ్వరరావు చేతికి రాలేదు. కనకం పళ్ళతో లాగింది. నన్ను తీసి బల్ల మీద పెట్టారు. నిర్మల సిస్టర్ నన్నొకసారి, ఆయన్నొకసారి చూసింది. నవ్వలేదు. యంత్రం వైపు చెయ్యి చూపించింది.

ఆయన ఎక్కాడు. అంకెలు పైకీ కిందికీ తచ్చాడాయి. అంకెలు నిలిచాయి. గీతకి ఇవతల, గోరంత.

"వచ్చేశారు," అని ఆవిడ ఫైలు తెరిచి పాత అంకె కొట్టేసి కొత్తది రాసింది. రాసి, సంతకం చేసి, "ఆ రాయి మళ్ళీ కట్టుకోకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను" అంది. అప్పుడు వరహాలు ఏడ్చింది.

జ్వరం తగ్గాక ఆపరేషన్ అయింది. రెండు మంచాలూ రెండు గదుల్లో. ఒకరి ఒంట్లోంచి తీసింది మరొకరి ఒంట్లో పని మొదలుపెట్టిందని మూడో రోజున చెప్పారు. అందరూ ఇంటికి వచ్చారు. నూకేశ్వరరావుని కొన్నాళ్ళు బరువులెత్తొద్దన్నారు కాబట్టి నా ఉద్యోగం పోయింది. ఆయన ఇప్పుడూ రైల్లో నిలబడే వెళ్తాడట, ప్లాట్‌ఫారం మీద నడుస్తూనే ఉంటాడట. గంట మాత్రం ఇప్పటికీ దొరకలేదట. నేను వరహాలు గదిలో కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా ఆనుకుని కూర్చున్నాను. వ్యాపారి ఏ పనినీ చిన్నదనడు.

ఇక లెక్క. పోయింది ముందు చెప్తాను. నూకేశ్వరరావు ఒంట్లోంచి ఒక అవయవం, బోలెడంత బొజ్జ. నాకు ముద్ర అరిగిపోయింది. ఇక ఏ బజారులోనూ నా తూకం చెల్లదు.

వచ్చింది ఇది. డయాలసిస్ మీద ఉన్నన్నాళ్ళూ వరహాలుకి రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్ళే. మూతతో కొలిచి ఇచ్చేవారు. ఎండాకాలంలో పెదాల మీద తడిపిన గుడ్డ పెట్టుకుని పడుకునేది. నిన్న మధ్యాహ్నం కనకం పెద్ద చెంబుతో కుండలో నీళ్ళు ముంచి తెచ్చింది. డాక్టరు తాగమన్నాడు. వరహాలు మంచం మీద లేచి కూర్చుని, చెంబెత్తి, గొంతులో గుటకలు వినపడేలా తాగింది. గడ్డం మీంచి కారి చీర తడిసింది. తుడుచుకోలేదు. ఖాళీ చెంబు చాపింది. కనకం మళ్ళీ ముంచి తెచ్చింది. అదీ తాగింది.

ఎంత తాగిందో ఎవరూ కొలవలేదు.