మేస్త్రీ తాగించిన నీళ్లు

ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఆ ఫ్యాక్టరీలో మేస్త్రీ మాటకు ఎదురు లేదు. ఇరవై ఆరేళ్ల అనుభవం, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద భయం. ఆ భయం కిందటి వేసవిలో పట్టుకుంది. కొలిమి దగ్గర పనిచేసే పాత కార్మికుడొకడు మధ్యాహ్నం వేళ నిలుచున్నచోటే కుప్పకూలాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగలేదని తర్వాత ఎవరో అన్నారు. ఆ మాట మేస్త్రీ చెవిలోంచి పోలేదు.

ఈ వేసవి మొదలవగానే షెడ్డు గోడ వారగా నీళ్ల డ్రమ్ములు పెట్టించాడు. మనిషికో లీటరు సీసా ఇచ్చాడు. దాహం ఉన్నా లేకపోయినా గంటకో సీసా ఖాళీ కావాలి. కొలిమి ముందు నిలబడేవాళ్లకైతే రెండు. ఈల వేసి మరీ తాగించేవాడు. ఆయన అటు తిరగ్గానే చాలామంది సగం నీళ్లు ఇసుకలో పారబోసేవాళ్లు. తమ పెళ్లిలో అత్తగారు కూడా ఇంత మర్యాద చేయలేదని నవ్వుకునేవాళ్లు.

పారబోయనివాడు ఒక్కడే, మేస్త్రీ అల్లుడు. మూడు నెలల క్రితమే పనిలో చేరాడు. ఏం చెప్పినా తల ఊపుతాడని అందరూ అతన్ని సరేగాడు అనేవాళ్లు. పని ఇప్పించిన మామగారంటే అతనికి భయమూ ఉంది, ప్రేమా ఉంది. మేస్త్రీకి మగపిల్లలు లేరు. ఒక్కగానొక్క కూతురి మొగుణ్ణి కడుపున పుట్టినవాడిలా చూసుకునేవాడు.

ఆ రోజు కొలిమి లోపలి ఇటుకలు మార్చాలి. ఇంకా పూర్తిగా చల్లారని కొలిమి ముందు ఉదయం ఏడింటి నుంచి నలుగురు పనిచేస్తున్నారు. అల్లుడికి ఈ వేడి కొత్త కదా అని మేస్త్రీ అతని సీసా తనే నింపి, తనే అందించాడు. పది గంటలకు అల్లుడు తలనొప్పిగా ఉందన్నాడు. వేడి తలకెక్కిందనుకుని మేస్త్రీ ఇంకో సీసా ఇచ్చాడు. పదకొండింటికి అల్లుడు తన వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయిందని తోటివాళ్లకు చూపించాడు. పెళ్లాం పట్టు అలాంటిదన్నాడొకడు. అతనూ నవ్వాడు. కాసేపటికి గోడ చాటుకు వెళ్లి వాంతి చేసుకున్నాడు. వచ్చినవన్నీ నీళ్లే.

"ఇక పట్టడం లేదు మామయ్యా. దాహం కూడా లేదు," అన్నాడు.

"పోయిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి. కళ్లు మూసుకుని తాగెయ్," అన్నాడు మేస్త్రీ.

సరే అన్నాడు. తాగాడు.

పన్నెండు దాటాక తేడా తెలిసింది. సుత్తి ఇమ్మంటే చేతిలోని తాపీ వైపు చూస్తూ నిలబడిపోయాడు. భోజనానికి రమ్మంటే, అమ్మ ఇంకా బడికి రాలేదు, వచ్చాక వెళ్తానన్నాడు. వేళాకోళం అనుకుని ఒకరిద్దరు నవ్వారు. మేస్త్రీకి మాత్రం కిందటేడు పోయిన మనిషి కళ్లముందు మెదిలాడు. అల్లుణ్ణి నీడలో కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని, తన చేత్తో మరో సీసా తాగించాడు. అది సగంలో ఉండగానే అల్లుడి కళ్లు తేలిపోయాయి. ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుని కొట్టుకోసాగింది.

వ్యాన్‌లో తీసుకెళ్తున్నంతసేపూ మేస్త్రీ అతని పెదవుల మధ్య నీళ్లు పోయబోతూనే ఉన్నాడు. స్పృహ లేనివాడికి పోస్తే ఊపిరి ఆగిపోతుందని డ్రైవరు కసిరాకే సీసా కింద పెట్టాడు.

ఆసుపత్రిలో చూసింది ఒక లేడీ డాక్టరు. ఒళ్లు అంత వేడిగా లేదే అని, ఎన్ని నీళ్లు తాగాడని అడిగింది. మేస్త్రీకి ఆ ప్రశ్న విన్నాక ప్రాణం లేచొచ్చింది.

"నీళ్లకు లోటు చేయలేదమ్మా. పొద్దుటి నుంచి పది లీటర్ల పైనే. నేనే దగ్గరుండి తాగించాను."

డాక్టరు రాయడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది. వెంటనే రక్తం తీయించింది. ఆ తర్వాత ఆయన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. గంటకు ఇన్ని అని తప్ప, తాగిన నీళ్లన్నీ మూత్రపిండాలు బయటికి పంపలేవట. చెమటతో ఉప్పు పోతూ, పైనుంచి ఉత్త నీళ్లే చేరుతుంటే రక్తంలో ఉప్పు పలచబడుతుందట. అప్పుడు మెదడు వాస్తుంది. పుర్రె లోపల వాచడానికి చోటు ఉండదు. తలనొప్పి, వాంతి, ఆ తికమక మాటలు అన్నీ దానివల్లే. మొదట తలనొప్పి అన్నప్పుడే నీళ్లు ఆపి తీసుకొచ్చుంటే, అంటూ ఆగిపోయింది.

చిక్కటి ఉప్పునీళ్లు నరంలోకి ఎక్కించారు. గొంతులో గొట్టం వేశారు. రెండో రోజు మధ్యాహ్నం అల్లుడు పోయాడు.

ఫ్యాక్టరీలో అందరూ ఎండదెబ్బ అనుకున్నారు. మేనేజరు కాగితాల్లోనూ అదే రాశాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు, కన్నతండ్రి కూడా అంతలా చూసుకోడని కూతురి ముందే మెచ్చుకున్నారు. వారం రోజులు మేస్త్రీ ఆ మెప్పు తలొంచుకుని విన్నాడు. ఊరుకుంటే అది అలాగే ఉండిపోతుందని ఆయనకు తెలుసు. ఎనిమిదో రోజు కూతురు వంటగదిలో ఒక్కతే ఉన్నప్పుడు ఎదురుగా నేల మీద కూర్చుని, డాక్టరు చెప్పిందంతా చెప్పేశాడు.

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

"ఆయన వద్దనలేదా నాన్నా?"

"అన్నాడమ్మా. ఇక పట్టడం లేదన్నాడు."

"అయినా తాగించావు."

"తాగించాను."

ఆమె స్టవ్ ఆపేసి లేచింది. సాయంత్రానికి బట్టలు సర్దుకుని అత్తగారింటికి వెళ్లిపోయింది.

మేస్త్రీ పనిలోకి వెళ్లగానే మేనేజరు చేత కాగితం మార్పించాడు. మనుషులందర్నీ నిలబెట్టి, తను చేసింది చెప్పాడు. దాహం వేసినప్పుడు తాగండి, ఉప్పు కలిపినవి తాగండి, గంటగంటకూ నీడకు పోండి అన్నాడు. తలనొప్పో వాంతో వస్తే ఇంకా నీళ్లు పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. తాము పారబోస్తున్న సంగతి సరేగాడికైనా చెప్పి ఉండాల్సిందని వెనక ఒకతను ఏడ్చాడు.

నాలుగు నెలలకు కూతురు తన కుట్టుమిషన్ కోసం వచ్చింది. మేస్త్రీ దాన్ని మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు. ఆమె ఆటో కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"నాకు చెప్పకుండా ఉండాల్సింది నాన్నా. తెలియకపోతే నీ దగ్గరే కూర్చుని ఏడ్చేదాన్ని," అంది.

"తెలుసమ్మా," అన్నాడు.

మళ్లీ ఎప్పుడొస్తుందో ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు.