దేవుని గింజలు

గటక అడుగంటుతోందని వాసనే చెప్పింది. పెంటయ్య గబగబా రెండు కట్టెలు వెనక్కి లాగి, తెడ్డును రెండు చేతులా పట్టుకుని గంగాళం అడుగుదాకా దించి తిప్పాడు. జొన్నరవ్వ, నీళ్లు, ఇంత ఉప్పు. ముప్పై నలుగురికి ఒక పూట తిండి అది. పొగకు అతని కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి, రెప్పల వెంట్రుకలు సగం రాలిపోయాయి. యాభై దాటిన మనిషి. ఊళ్లో అతని గురించి మంచి చెప్పినవాళ్లూ లేరు, చెడు చెప్పినవాళ్లూ లేరు. పిలిస్తే పలుకుతాడు, పిలవకపోతే గోడకు ఆనుకుని కూర్చుంటాడు.

కేసముద్రం స్టేషన్‌కు రెండు కోసుల దూరంలో, పారిపోయిన దొర తాలూకు గింజల కొట్టం అది. వెట్టి రోజుల్లో పెంటయ్యే అందులో బస్తాలు మోశాడు. నైజాం రాజ్యం పోయి ఏడాదైనా కాలేదు, ఇప్పుడు మిలిటరీవాళ్లు అందులో మనుషుల్ని నింపారు. అడవిలోని కమ్యూనిస్టు దళాలకు తిండి పెట్టారన్న అనుమానం మీద వాడల నుంచీ తండాల నుంచీ పట్టుకొచ్చిన వాళ్లు. పెంటయ్య మాత్రం ఖైదీ కాడు, వంటవాడు. పొద్దుగూకితే ఇంటికి పోవచ్చు. ఆ తేడా ఎలా వచ్చిందో కొట్టంలో ఒకే ఒక్క మనిషికి తెలుసు. ఆమె ఎవరితోనూ అనలేదు.

ఆమె రూతవ్వ. ముప్పై ఏళ్ల కిందట మొగుడు పోయాక ప్రభువును నమ్ముకుని, వాడలో ప్రార్థన గుడిసె ఊడ్చి, రోగుల దగ్గర కూర్చుని, పిల్లలకు పాటలు చెప్పిన మనిషి. వాడలో నమ్ముకున్న ప్రతి ఇల్లాలూ పొయ్యిమీద ఎసరు పెట్టేముందు పిడికెడు గింజలు దేవుడి పేరున పక్కన పోస్తుంది. జొన్నలున్నవాళ్లు జొన్నలు, సజ్జలున్నవాళ్లు సజ్జలు, ఏమీ లేనివాళ్లు ఇన్ని నూకలు. శనివారం రూతవ్వ గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వాటిని ఎత్తుకొచ్చేది. నెలకోసారి మానుకోట నుంచి పాస్టరు వచ్చేదాకా అవి పెంటయ్య ఇంట్లో పెద్ద కుండలో ఉండేవి. వాడలో గొళ్లెం ఉన్న తలుపు అతనిదొక్కటే. ఆ గొళ్లెం చూసుకుని అతనూ కాస్త మురిసేవాడు.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు దళంవాళ్లు నలుగురు గొళ్లెం తట్టారు. రెండు రోజులుగా తిండి లేని మొహాలు. పెంటయ్య ఇంట్లో తన సొంత గింజలు అడుగంటాయి. భయమో, జాలో, రెండూనో, దేవుని కుండలోంచి కుంచెడు తీసి మూటగట్టి ఇచ్చాడు. రూతవ్వకు చెప్పలేదు. ఎవడో చూసి మిలిటరీ క్యాంపులో చెప్పాడు.

జమేదారు వచ్చి కుండలో చేయి పెట్టి, గింజలు అరచేతిలో పరచుకుని చూశాడు. జొన్నలు, సజ్జలు, నూకలు, మధ్యలో నాలుగు కొర్రలు. ఒక చేను పంట కాదది. ఇంటింటికీ తిరిగి పోగుచేసింది. ఎవరికోసం అని అడిగాడు. దేవునివి అని చెబితే సరిపోయేది. కుంచెడు నేనే ఇచ్చినానని చెబితే ఇంకా సరిపోయేది. పెంటయ్య నాలుక ఆ రెండింటిలో ఒక్కదానికీ తిరగలేదు.

"రూతవ్వ పెట్టిపోయింది దొరా. నాకేం తెలవదు."

రూతవ్వను పిలిపించారు. అవి దేవుని గింజలని, అందులోంచి దళంవాళ్లు ఒక్క గింజా తినలేదని ఆమె నిబ్బరంగా చెప్పింది. ఆమెకు తెలిసింది అంతే. తిన్నారని జమేదారుకు ముందే తెలుసు. అందుకని ఆమె అబద్ధమాడిందన్నారు, పెంటయ్య నిజం చెప్పాడన్నారు. ఆమెకు కొట్టం, అతనికి గంగాళం. మూడు నెలలైంది.

గటక దించి, గంగాళాన్ని నెత్తికెత్తుకుని కొట్టంలోకి నడిచాడు. లోపల చీకటి, ముక్కిన గింజల వాసన, మనుషుల వాసన. మూలన రూతవ్వ గోడకు చేరగిలబడి ఉంది. వారం రోజుల జ్వరానికి చెంపలు లోపలికి పోయాయి. పక్కన తండా నుంచి తెచ్చిన రామి. కొడుకు అడవిలో ఉన్నాడని ఆమెను పట్టుకొచ్చారు. వాడవాళ్ల చేతి వంట అంటరాదని మొదట్లో రామి గటక ముట్టలేదు. రూతవ్వ బతిమాలలేదు, తనూ తినకుండా రెండు రోజులు పక్కన కూర్చుంది. మూడో రోజు ఇద్దరూ తిన్నారు. అప్పటినుంచి ఆమె రామికి ప్రభువు సంగతులు చెబుతోంది, పక్క ఊళ్లో నిన్న జరిగిన ముచ్చట చెప్పినట్టు.

"ఆయనను గూడ గిట్లనే పట్టుకపోయిండ్రు బిడ్డా. తప్పేం లేదు. సలికాలం. బయట మంట ఏసుకొని కూసున్నరు జనం. గా మంటకాడ..."

పెంటయ్య అడుగుల చప్పుడు వినబడింది. రూతవ్వ ఆగిపోయింది. "మంచిగ పాడుకుందాం పా," అని మాట మార్చింది. మూడు నెలల్లో ఆ కథ అక్కడే ఎన్నిసార్లు ఆగిందో పెంటయ్యకు లెక్కలేదు. తిట్టినా బాగుండేది. తనను చూసి ఆమె ఆపినప్పుడల్లా మొహం ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలిసేది కాదు.

గిన్నెలో గటక పోయబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది. "నాకొద్దు. రామికి పొయ్యి."

"జర తినవ్వా."

"దిగుతలేదు పెంటయ్యా."

దవాఖానకు తీసుకుపోతే బతుకుతుంది. తీసుకుపోవాలంటే జమేదారు వదలాలి. దళానికి గింజలు ఇచ్చిన అసలు మనిషి దొరికితే ముసలిదాన్ని వదిలేస్తానని ఆయన రెండుసార్లు అందరి ముందే చెప్పాడు కూడా. పెంటయ్య వేడినీళ్ల చెంబు పట్టుకుని వరండాలోకి పోయి నిలబడ్డాడు. జమేదారు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే చూశాడు.

"ఏంది?"

నోరు తెరిచాడు. గొంతులో మాట ఉంది. "ఉప్పు అయిపోయింది దొరా," అన్నాడు.

మధ్యాహ్నం బావి దగ్గర గిన్నెలు తోమడానికి రామిని బయటికి వదిలారు. నీళ్లు చేదుతున్న పెంటయ్యను ఆమె అడిగింది.

"అవ్వ కథ ఒక్కకాడ ఆగిపోతది. నువ్వొస్తే ఆపుతది. మంటకాడ ఏమైందన్నా?"

తప్పించుకోవచ్చు. తెలవదు అనొచ్చు. ఆ మాటే నోటిదాకా వచ్చి, వచ్చిందని తెలిసి, పెంటయ్య చేంతాడు వదిలేశాడు.

"ఆయన ఎంబడి తిరిగినోడు ఒకడు మంట కాగుకుంట కూసున్నడు. నువ్వు గూడ ఆయన మనిషివే గదా అని అడిగిండ్రు. కాదన్నడు. ఆయనెవరో నాకు తెలవదన్నడు. మూడుసార్లు."

"వాడు మంచోడేనా?"

"మంచోడే. భయపడ్డడు."

"తర్వాత పోయి చెప్పిండా, నాకు తెలుసని?"

"ఏడ్చిండు."

రామి గిన్నె బోర్లించింది. "ఏడిస్తే ఏమొస్తది. చెప్పాలె గద."

ఆమె ఎవరినీ ఉద్దేశించి అనలేదు. గిన్నెలు పేర్చుకోవడంలో పడింది. పెంటయ్య చేతులు తుడుచుకోకుండానే వరండాకు నడిచాడు. మెట్లెక్కాడు. ఇంటి దగ్గర పెళ్లాం, గొళ్లెం ఉన్న తలుపు, కొట్టంలో కొట్టే దెబ్బలు అన్నీ కళ్లముందు తిరిగాయి. ఈసారి జమేదారు మొహం చూడకుండా, నేలను చూస్తూ చెప్పేశాడు.

"గా కుంచెడు గింజలు ఇచ్చింది నేనే దొరా. రూతవ్వకు తెలవనే తెలవదు. నన్ను ఎయ్యి కొట్టంల. ఆమెను దవాఖానకు తోలు."

జమేదారు తింటున్న చేయి ఆపి, అతన్ని పైనుంచి కిందికి చూశాడు. కోపం రాలేదు, విసుగొచ్చింది.

"ముసలామె ఇందాకనే పోయింది. సిపాయి వచ్చి చెప్పిండు. ఆమె పేరు మీద కేసు కాయితం పూర్తయింది. ఇప్పుడు నువ్వెందుకు? పో, రాత్రికి వండు."

పెంటయ్య మెట్లు దిగాడు. కొట్టరు, కట్టరు, పెళ్లాం దగ్గరికి పోవచ్చు. గుండెమీది బరువు దిగినట్టు ఒక్క ఊపిరి సుఖంగా లోపలికి పోయింది. పోయిన మరుక్షణం అతనికి తెలిసింది, తను చేసిన వాటన్నిటిలోకీ ఈ ఊపిరే పాడుది. తను బావి దగ్గర కథ చెబుతున్నప్పుడే ఆమె ప్రాణం పోయి ఉంటుంది. పక్కన రామి కూడా లేదు.

పొద్దు వాలకముందే వాగు ఒడ్డున పూడ్చారు. పాస్టరు లేడు. ప్రార్థన ఎవరు చేయాలో తెలియక అందరూ పెంటయ్య వైపు చూశారు, వాడ మనిషి గదా అని. అతను నోరు విప్పలేకపోయాడు. చివరికి రామే, వచ్చీరాని మాటల్లో, రూతవ్వ నేర్పిన పాట సగం పాడింది. మిగతా సగం ఆమెకింకా రాదు.

తిరిగొచ్చి పొయ్యి రాజేశాడు. గటక ఉడుకుతుండగా రామి కొంగు చాటునుంచి ఏదో తీసి ఇచ్చింది. చీర అంచు చింపి, మెలిపెట్టి, గట్టిగా అల్లిన చుట్టబట్ట. తలమీద కుండ కింద పెట్టుకునేది.

"అవ్వ రెండు రోజులు పండుకొనే అల్లింది. కాలే గంగాళం ఉత్త నెత్తిమీద మోస్తున్నడు, పెంటయ్యకియ్యి అన్నది. నేనే మరిచిపోయిన."

పెంటయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెట్టుకునే మొహం లేదు. పారేసే ధైర్యమూ లేదు. గంగాళాన్ని ఉత్త నెత్తికే ఎత్తుకుని కొట్టం వైపు నడిచాడు. పొయ్యి పక్కన రాతిమీద చుట్టబట్ట ఉంది, గుండ్రంగా, నీలి అంచు పైకి కనబడుతూ.