తూచని పొడి

"ఆ రోజుల్లో గానీ చెయ్యి పెట్టావా ఏంటి?" అని అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగేసరికి కుసుమకుమారికి ఒళ్లు మండిపోయింది. పోయినసారి టమాటా పచ్చడి సీసాలు బూజుపట్టి వెనక్కొచ్చాయి మరి, ఎవరో ఒకరి మీద పెట్టాలిగా! ఇన్నేళ్లూ ఆ రోజుల్లోనూ కుసుమకుమారే కలిపింది. నడుం విరిగిపోతోందంటే ఊరుకున్నవాళ్లెవరు? ఒక్క సీసా పాడైతే ఒట్టు. "లో సాల్ట్, లో ఆయిల్ అంటే జనం ఎగబడి కొంటారోయ్" అని మొగుడు రఘురామ్ ఉప్పూ నూనే తగ్గించాకే ఈ బూజు. ఆ మాటంటే, "బిజినెస్ నీకేం తెలుసు" అంటాడు. అమీర్‌పేట హాస్టళ్లకి పచ్చడి చేసేది ఈవిడ. బిజినెస్ మాత్రం ఆయనది!

ఇవాళ ఆయనే బూజు పట్టకుండా వేసే సోడియం బెంజోయేట్ పొడి డబ్బా పట్టుకొచ్చాడు. "ముందు మన ధాత్రికి ఓ సీసా తీసి పక్కన పెట్టు" అన్నాడు. కూతురి మీద ప్రేమనుకుని తీసిపెట్టింది, పిచ్చిది. ఆ పొడి ఆవిడకి కొత్తేం కాదు. పంజగుట్టలో పచ్చళ్ల ట్రైనింగుకి వెళ్లినప్పుడే చెప్పారు, పులుపున్న పచ్చడిలో రూలు ప్రకారం తూచి వేస్తే భయం లేదు, వేసిన సంగతి సీసా మీద రాయాలి అని. ఆవిడ తూకం మిషను అందుకునేలోపే ఆయన గరిటెడు గుమ్మరించి కలిపేశాడు.

"అయ్యో, ఏంటండీ అది! తూచొద్దూ?"

"కాస్త ఎక్కువైతే చస్తారా ఏంటి? చెయ్యి కడుక్కో. లైవ్ పెడుతున్నా. మందూ మాకూ ఏం కలపలేదని నవ్వుతూ చెప్పు."

కుసుమకుమారి చెయ్యి కడుక్కుంది. ఎదురు హాస్టల్లో ఉండే సంగీత కళ్లముందు మెదిలింది. కోచింగుకి పోతూ మెట్ల మీద ఆపి, "ఆంటీ, మీ పచ్చడి లేకుంటే నాకు ముద్ద దిగదు" అంటుంది. ఆ పిల్లకీ ధాత్రి వయసే. నోరు విప్పితే ఈ ఇంట్లో ఎంత రాద్ధాంతమవుతుందో తెలుసు, భయమూ వేసింది. ఫోను వెనక నుంచి రఘురామ్ కానీయమని చెయ్యి ఊపుతున్నాడు.

ఆవిడ పైటతో మొహం తుడుచుకుంది.

"నమస్కారమండీ. ఇందులో బెంజోయేట్ ఉంది. తూచి వేస్తే తప్పులేదు, ఇది తూచకుండా వేశాం. మా అమ్మాయికి మాత్రం వేయకముందే తీసిపెట్టుకున్నాం. అందుకే ఇది మీకు అమ్మను."