మాస్టారు లెక్కపెట్టిన బళ్ళు

ఆ నాలుగు రోడ్ల కూడలిని బాగుచేస్తామని ఊరి పెద్దలు ఏటా చెబుతూనే ఉన్నారు. చెప్పినప్పుడల్లా అది ఇంకాస్త పాడవుతూనే ఉంది. ఒక ఏడు నడిమధ్యన గుండ్రంగా గోడ కట్టి లోపల పూలమొక్కలు నాటారు. మొక్కలు చచ్చాయి, గోడ బతికింది. మరుసటి ఏడు ఆ గోడ పడగొట్టి దీపాలు పెట్టారు. అవి ఎర్రగా వెలిగితే ఎవడూ ఆగడు, పచ్చగా వెలిగితే ఎవడూ కదల్లేడు. ఆ తర్వాత పైపుల కోసం ఒకళ్ళు తవ్వారు, ఆ గుంట పూడ్చిన వారానికి తీగల కోసం ఇంకొకళ్ళు తవ్వారు. ఇద్దరూ ఒకే ఆఫీసు మెట్లెక్కేవాళ్ళే గాని, ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకున్న పాపాన పోలేదు.

ఈ భాగోతమంతా టైలర్ మాస్టారు తన కొట్టులోంచి ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాడు. కొట్టు వెడల్పు తొమ్మిది అడుగులు, లోతు పన్నెండు. ముందు కత్తిరించే బల్ల, దాని వెనక రెండు మిషన్లు, మూలన తెర చాటున ఆయన భార్య కాజాలు కుట్టే స్టూలు. భార్యాభర్తలిద్దరికీ అదే ఆధారం. అది తీసేస్తే ఈ వయసులో ఇంకో వీధిలో బోర్డు తగిలించి, కొత్త మొహాలకు తమ కుట్టు గొప్పతనం చెప్పుకునే ఓపిక ఇద్దరిలో ఎవరికీ లేదు.

మాస్టారికి ముక్కు మీద కోపం. రోడ్డు మీద పోయే ప్రతివాడూ ఆయన నోట్లో పడి తీరాల్సిందే. హారన్ మోగిస్తే, "ఏం, ముందున్నవాడు నీకోసం గాల్లోకి ఎగరాలా?" అంటాడు. ఫోన్ చూసుకుంటూ బండి నడిపితే, "చూసుకో నాయనా, గోతి ఎక్కడుందో అందులో రాసుంటుంది," అంటాడు. ఆ కోపానికి కారణం లేకపోలేదు. వాడుక మనుషులు కొట్టు ముందు బండి ఆపితే వెనక పది బళ్ళు గోలపెడతాయి. ఛాతీ కొలత ఇచ్చి, నడుము కొలత ఇవ్వకుండానే పారిపోయినవాళ్ళు ఉన్నారు.

ఆయన తిట్లలో పెద్ద వాటా మాత్రం ఎదురు వరసలోని కళ్ళద్దాలాయనది. పన్నెండేళ్ళ కిందట ఒక చొక్కాకు ఒక చెయ్యి పొడుగొచ్చింది. అది వేసుకున్న మనిషితో కళ్ళద్దాలాయన, "మాస్టారి చూపు మందగించింది, పంపించు, ఊరికే పరీక్ష చేస్తా," అన్నాడట. ఆ మాట రోడ్డు దాటి రావడానికి పావుగంట పట్టింది. అది మొదలు ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో దెప్పుళ్ళు తప్ప.

ఇలా ఉండగా కూడలిలో పెద్ద బొమ్మ ఒకటి లేచింది. అందులో తెల్లటి ఫ్లైఓవర్, దాని మీద ముచ్చటగా మూడంటే మూడు కార్లు, కింద పచ్చిక, పచ్చిక మీద ఇద్దరు మనుషులు చేతులూపుకుంటూ నడుస్తున్నారు. ఊళ్ళో అలాంటి పచ్చిక ఎక్కడుందో, పనీపాటా లేని ఆ ఇద్దరు ఎవరో గీసినవాడికే తెలియాలి. మాస్టారు మాత్రం ఆ బొమ్మను రోజూ కళ్ళప్పగించి చూశాడు. పరాయి ఊళ్ళకు పోయే బళ్ళన్నీ పైనుంచి పోతాయి, కింద తన వాళ్ళు తీరిగ్గా బండి ఆపుకుంటారు, నిలబడి నడుము కొలతా ఇస్తారు. బొమ్మలో కొట్లు ఒక్కటీ లేవన్న సంగతి ఆయన కంటికి ఆనలేదు. ఊరందరి తప్పులూ పట్టే మనిషికి అదొక్కటే కనబడలేదు.

ఫ్లైఓవర్ కట్టాలంటే ముందు బళ్ళు లెక్కపెట్టాలట. ఆ పనికి ఒక మనిషిని పంపారు. మడత కుర్చీ, అట్ట, పెన్సిలు ఇచ్చి, పొద్దుట ఆరునుంచి సాయంత్రం ఆరుదాకా మూడు రోజులు కూర్చోమన్నారు. బండికి ఒక గీత, నాలుగు గీతలయ్యాక అడ్డంగా ఐదోది. అందుకని మాస్టారి భార్య అతనికి గీతలాయన అని పేరు పెట్టేసింది. కుర్చీకి ఎండ తగలడంతో అతను మాస్టారి చూరు కిందకు జరిగాడు. మొదటి రోజు పది గంటలకే అతని దవడ బూరెలా పొంగింది. పిప్పి పన్ను. ఊరి రాత మార్చే లెక్కను పన్నునొప్పితో మూలిగే మనిషి ఒక్కడి చేతిలో పెట్టి, పెద్దలందరూ ఫ్యాన్ల కింద కూర్చున్నారు.

"మాస్టారూ, ఒక్క గంట ఇది చూస్తారా? పన్ను డాక్టరు దగ్గర నా వంతు వచ్చేస్తోంది," అని అతను దీనంగా అడిగాడు.

"దానికేం భాగ్యం, వెళ్ళిరా. కొలతలు రాయడం నాకేమైనా కొత్తా?"

"పరాయివాడి పని నీకెందుకయ్యా?" అంది భార్య తెర వెనకనుంచి. "ఆ ప్యాంటు సాయంత్రానికి ఇస్తానన్నావు."

"పరాయి పనేంటి, ఊరి పని!"

"ఊరొచ్చి నిన్ను అడిగిందా?"

ఆ గంట నాలుగు గంటలైంది. రెండో రోజు, మూడో రోజు కూడా గీతలాయన దవడ పట్టుకుని పోవడం, మాస్టారు అట్ట పట్టుకుని కూర్చోవడం. ఇక్కడే ఆయన చేతి అలవాటు పనిచేసింది. ఏ కొలతైనా ఉన్నదున్నట్టు కత్తిరించడం ఆయన పుట్టుకలో లేదు. లోపల రెండంగుళాలు గుడ్డ వదలనిదే కత్తెర ఆడదు. గుడ్డన్నాక ఉతికితే కుదించుకుపోతుంది మరి. ఈ కాగితమూ అంతే అనుకున్నాడాయన. ఆఫీసుకు పోతుంది, ఒక బల్ల దగ్గర నానబెడతారు, ఇంకో బల్ల దగ్గర ఉతుకుతారు, మూడో బల్ల దగ్గర పిండుతారు. పై ఆఫీసరు చేతికి చేరేసరికి సగమవుతుంది. అందుకని పది బళ్ళకు పదకొండు గీతలు గీశాడు. అబద్ధం రాస్తున్నానన్న ఊహే ఆయనకు రాలేదు. నాణ్యంగా పనిచేస్తున్నానని లోలోపల మురిసిపోయాడు కూడా.

రెండు నెలలకు ఇద్దరు మనుషులు రంగు డబ్బాతో వచ్చారు. మాస్టారి వరసలో పదకొండు కొట్లకూ వెనక గోడ మీద ఎర్ర గీత గీశారు. ముందు గోడ మీద కాదు, వెనక గోడ మీద. అంటే అక్కడిదాకా పోతుందన్నమాట. ఫ్లైఓవర్ దిగేది ఈ వరస మీదుగానేనట. ఎవరికైనా అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చని చేతిలో ఒక కాగితం పెట్టి పోయారు. కాగితంలో రోజుకు సగటున ఇరవై వేల మూడువందల పది బళ్ళు తిరుగుతున్నాయని, ఇరవై వేలు దాటింది కాబట్టి ఫ్లైఓవర్ తప్పనిసరని రాసుంది.

మాస్టారు ఆ అంకెలో తన అదనపు గీతల్ని గుర్తుపట్టాడు. భార్యకు చెప్పక తప్పింది కాదు. ఆవిడ సూది పక్కన పెట్టి మొత్తం విన్నది.

"అంటే, మన కొట్టు కూలగొట్టమని మనమే అర్జీ పెట్టుకున్నామా?"

"అలా అంటావేంటి? నేను మంచికే..."

"నోరు మూసుకో. మంచికట! ఇరవై ఆరేళ్ళు రోడ్డున పోయేవాళ్ళందరికీ బుద్ధి చెప్పావు, నీకు చెప్పే నాథుడే లేకపోయాడు. లే, చొక్కా మార్చుకో. పోయి ఉన్న నిజం చెప్పు. లెక్క తప్పైతే గీతా తప్పే కదా?"

ఎర్ర గీతలు పడ్డ రోజునుంచి కళ్ళద్దాలాయన గుమ్మంలోనే కాపురం పెట్టాడు. మాస్టారు చొక్కా మార్చుకుని బయటికి రాగానే, "ఏం మాస్టారూ, బోర్డు అమ్ముతావా? చెక్క బాగుంది," అని ఇటువైపుకు అరిచాడు. మాస్టారు పళ్ళు నూరుతూ నడిచాడు, వెనకే భార్య.

ఊరి ట్రాఫిక్ చక్కదిద్దే ఆఫీసు ముందు ఆ ఆఫీసు బళ్ళే అడ్డదిడ్డంగా నిలబెట్టి ఉన్నాయి. మనిషి పక్కకు తిరిగితే తప్ప లోపలికి పోయే దారి లేదు. లోపల మూడు బల్లలు దాటడానికి మధ్యాహ్నమైంది. మొదటి బల్ల రెండో బల్ల దగ్గరికి పొమ్మంది, రెండో బల్ల భోజనానికి పోయింది, మూడో బల్ల మొదటి బల్ల ముద్ర ఏదని అడిగింది. తల ప్రాణం తోకకొచ్చాక ఇంజనీరమ్మ గది చేరారు. చిన్న వయసు, చక్కటి మాట. ఆవిడ గోడకు కూడలి పటం ఉంది. అందులో మాస్టారి కొట్టు ఉన్నచోట బూడిద రంగు పూశారు.

మాస్టారు జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"పదికి పదకొండా? ఎందుకండీ?" అంది ఇంజనీరమ్మ.

"మీ ఆఫీసులో ఉతికితే కుదించుకుపోతుందనుకున్నానమ్మా."

ఆవిడ కాగితాలు తీయించి, ఏ గంటల్లో ఆయన కూర్చున్నాడో అడిగి, క్యాలిక్యులేటర్ మీద లెక్కలు వేసింది. "పంతొమ్మిది వేల ఆరువందల డెబ్భై," అంది చివరికి. "ఇరవై వేలకు తగ్గింది. అయితే ఫ్లైఓవర్ రాదు."

మాస్టారికి ఏనుగెక్కినంత సంబరమైంది. భార్య మోచేత్తో పొడిచింది, చూశావా అన్నట్టు.

ఇంజనీరమ్మ సొరుగు లాగి ఇంకో పటం తీసి బల్ల మీద పరిచింది. "ఇరవై వేలకు తక్కువైతే రోడ్డు వెడల్పు చేయాలి. అదీ రూలే. ఇటు పదిహేను అడుగులు, అటు పదిహేను అడుగులు. మీ కొట్టు లోతెంతండీ?"

"పన్నెండు," అన్నాడు మాస్టారు.

"అయితే ఎటుతిరిగీ మీది పోతుందండీ. ఎదురు వరసలో పద్నాలుగు ఉన్నాయి, వాటి లోతూ అంతే. అవీ పోతాయి." ఆవిడ ఒక కాగితం, పెన్ను ముందుకు తోసింది. "మీరు చెప్పింది ఇక్కడ రాసి సంతకం పెట్టండి. ఆ పటం తీసేసి ఈ పటం పెడతాం. మాకేముంది, ఏదైనా ఒకటే. ఈ ఏడు ఏదో ఒకటి మొదలవ్వాలి, అంతే."

మాస్టారు పెన్ను తీసుకున్నాడు. ఇక్కడ దాచాల్సిందేమీ లేదు, ఆ క్షణంలో ఆయనకు చాలా హాయిగా ఉంది. బోర్డు చెక్క బాగుందన్నాడు కదా. ఇప్పుడు ఆ గుమ్మమూ పోతుంది, ఆ నవ్వూ పోతుంది. తన కొట్టు పోతుంటే చూసి ఆనందించేవాడు మిగలకూడదు. పెట్టు, పెట్టు అని కడుపులోని మంట తొందరపెట్టింది. ఆయన తన పేరులో మొదటి అక్షరం సగం రాశాడు కూడా.

అప్పుడు పటం మీద ఆ పద్నాలుగు గడులూ కనబడ్డాయి. తన వరస ఎలా ఉంటుందో మాస్టారికి సరిగా తెలియదు. కొట్టులో కూర్చున్నవాడికి తన వరస కనబడదు. ఇరవై ఆరేళ్ళుగా తల ఎత్తినప్పుడల్లా చూసింది ఎదురు వరసనే. తాళాలు బాగుచేసే ముసలాయన మొదట తలుపు తీస్తాడు. నోటు పుస్తకాలమ్మే ఆవిడ గుమ్మం రెండుసార్లు ఊడుస్తుంది, మొదటిసారి ఊడ్చింది మర్చిపోయి. కళ్ళద్దాలాయన అందరికంటే ఆలస్యంగా వచ్చి, అద్దాలు చొక్కా అంచుతో తుడుస్తాడు, ఆ చొక్కా ఎవరు కుట్టారో గాని దాని కుట్టు వంకర. అవన్నీ ఒక్క సంతకంతో బూడిద రంగు కాబోతున్నాయి. మాస్టారికి భయమేసింది. భార్య వైపు చూశాడు. ఆవిడ కూడా ఆ గడుల్నే చూస్తోంది.

ఆయన రాసిన సగం అక్షరాన్ని కొట్టేసి పెన్ను కింద పెట్టాడు.

"నేను సరిగ్గానే లెక్కపెట్టానమ్మా. బండికి ఒక గీతే గీశాను."

"మరి ఇందాక చెప్పిందేమిటి?"

"కొట్టు పోతుందన్న భయంతో ఏదో వాగాను. పెద్దవాణ్ణి, పట్టించుకోకండి."

ఇంజనీరమ్మ రెండో పటాన్ని చుట్టేసింది. "ఇలా అబద్ధాలు చెప్పి మా టైం వృథా చేస్తే ఊరెప్పుడు బాగుపడుతుందండీ?" అని మందలించింది. మాస్టారు తల వంచుకుని విన్నాడు. ఆయన జీవితంలో బయటివాళ్ళ చేత తిట్టించుకుని బదులు చెప్పకపోవడం అదే మొదలు.

కూడలి దగ్గర పడ్డాక భార్య, "ఆ కళ్ళద్దాలవాడి కోసమా?" అంది.

"వాడి మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మంట."

"మరెందుకు?"

మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము, వెధవ దుమ్ము అని గొణిగాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టపగలు నడిరోడ్డు మీద అలా పట్టుకోవడం ఆవిడకూ కొత్తే.

కళ్ళద్దాలాయన గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు. "వచ్చారా? ఆపేశావా మాస్టారూ ఫ్లైఓవర్ని?" అని పకపకా నవ్వాడు. "ఊరందరినీ తిట్టే నోరు, ఒక్క ఎర్ర గీత చెరపలేకపోయిందా? ఇలాంటి పనులకు మనుషులు తెలిసుండాలయ్యా. నాకు పెద్దవాళ్ళు తెలుసు కాబట్టే ఆ గీత రోడ్డు దాటి నా వైపు రాలేదు."

మాస్టారి భార్య ఆగిపోయింది. మాస్టారు ఆవిడ వేళ్ళు గట్టిగా నొక్కాడు, వద్దన్నట్టు. ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసి, రోడ్డుకు అవతల ఉన్న మనిషికి వినబడేలా గొంతు పెంచింది.

"నిజమే తమ్ముడూ, నీకు పెద్దవాళ్ళు తెలుసు. అందులో ఒకాయన కొట్టు వచ్చే నెల కూలగొడుతున్నారు. వీలు చూసుకుని వచ్చి పలకరించు."

"ఎవరక్కా? ఏ ఆఫీసాయన?" అని కళ్ళద్దాలాయన అరిచాడు. మధ్యలో బళ్ళు అడ్డొచ్చాయి. దంపతులిద్దరూ కొట్టులోకి వెళ్ళారు. మాస్టారు సగం కుట్టిన చొక్కా మిషన్ కిందకు జరిపి కుట్టడం మొదలుపెట్టాడు. అవతలినుంచి ఆ మనిషి ఇంకా అడుగుతూనే ఉన్నాడు.