అస్తమించాక కనిపించిన నక్షత్రం

ఖగోళశాస్త్రం అంటే రాత్రంతా మేడెక్కి ఆకాశం చూడటమేనని జాయ్స్ ఇంట్లో అందరూ అనుకున్నారు. మే నెలలో ఇంటర్న్‌షిప్ మొదలయ్యే ముందురోజు వాళ్ళమ్మ రెబెక్కా, మంచులో నిలబడితే జలుబు చేస్తుందని, అంత ఎండల్లోనూ ఒక స్వెట్టర్ ఉతికి ఆరేసింది. తీరా చూస్తే పనంతా పగలే. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక ట్రస్టు నడిపే చిన్న పరిశోధన కేంద్రం. కింద టైల్స్ షోరూం, పైన నక్షత్రాలు. కిటికీలకు నల్ల కాగితం అంటించిన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరో ఎప్పుడో తీసిన కొలతలు సరిచూడాలి. స్వెట్టర్ మాత్రం వృథా పోలేదు, ఏసీకి పనికొచ్చింది.

జులై వచ్చేసరికి జాయ్స్‌కి ఒంట్లో సత్తువ అయిపోయినట్టుంది. వాళ్ళ నాన్న ఆనందరావు ఒక ఐటీ కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. నార్సింగిలో ఉద్యోగుల్ని ఎక్కించుకుని హైటెక్ సిటీలో దింపాలి. దారి కాకపోయినా తెల్లారుతూనే గోపన్‌పల్లి నుంచి కూతుర్ని తెచ్చి కొత్తగూడలో దింపి, ఆ తర్వాత మొదటి ట్రిప్పుకు పోతాడు. పైన తాళం తీసేదాకా ఆమె షోరూం మెట్ల మీద కూర్చుని కునుకుతుంది. సాయంత్రం బస్సులో నిలబడే ఇల్లు చేరుతుంది. అప్పటికి రెబెక్కా దవాఖానలో నైట్ డ్యూటీకి తయారవుతూ ఉంటుంది. ఆమె అక్కడ ఆయా. వంట జాయ్స్‌దే. చారు మరిగేదాకా స్టవ్ ముందు నిలబడి కళ్ళు మూసుకుంటే, రెప్పల లోపల కూడా చుక్కల గ్రాఫే కనిపించేది.

ఆమెకు అప్పగించిన నక్షత్రం నిజానికి ఒకటి కాదు, జంట. హస్తా నక్షత్రం పక్కన, మామూలు కంటికి ఆననంత మసకగా ఉంటుంది. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, ఒకటి రెండోదానికి అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గే వేళలు పట్టుకోవడమే పని. కొత్త కొలతలు ఈ కేంద్రంవాళ్ళవి. పాతవి, ఎప్పుడో మూతపడిన ఒక కాలేజీ వేధశాలలో అప్పటి అధ్యాపకులు తీసినవి. వాటినెవరో టైపు చేసి ఒక ఫైలుగా ఉంచారు. రెండూ కలిపి చూస్తే పాత వేళలకూ కొత్త వేళలకూ పొంతన కుదరలేదు. అంటే ఆ జంట మునుపు తిరిగినట్టు ఇప్పుడు తిరగడం లేదు. ఒక నక్షత్రం నుంచి ఇంకోదానిలోకి వాయువు పారుతూ ఉండాలి.

"జాయ్స్, ఇది రీసెర్చి పేపరండీ!" అన్నారు ఆ ప్రాజెక్టు చూసే డాక్టర్ ఉమాశ్రీ. ఆమె కాకినాడ మనిషి, ఇంటర్న్‌లను కూడా అండీ అనే పిలుస్తారు. "శుక్రవారం ట్రస్టు సభ్యులు వస్తున్నారు. మీరే చెప్పండి వాళ్ళకి. ఫలితం కనిపిస్తేనే ప్రాజెక్టు పొడిగిస్తామన్నారు. పొడిగిస్తే ప్రాజెక్ట్ అసిస్టెంటు మీరే."

జాయ్స్ ఇంట్లో ఆమెకు ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. ఆ ఆదివారం రెబెక్కా చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. జబ్బు నయమైనవాళ్ళు, ఇల్లు కట్టుకున్నవాళ్ళు లేచి మాట్లాడటం అక్కడ మామూలే. రెబెక్కా మాత్రం ఎన్నడూ లేచింది లేదు. మైకు రెండు చేతులా పట్టుకుని, "మా బిడ్డ ఆకాశంల ఎవ్వరికి తెల్వని సంగతి కనిపెట్టింది. ఆ దేవుడే నౌకరి గూడ చూపించిండు" అంది. అందరూ స్తోత్రం అన్నారు. జాయ్స్ తల ఎత్తలేదు.

పాస్టరుగారి కొడుకు కిరణ్ పాల్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లీడ్. తన కంపెనీలో జాయ్స్‌కి ఇంటర్వ్యూ ఇప్పిస్తానని ఎప్పటినుంచో అంటున్నాడు. ఆరాధన అయ్యాక ఆనందరావు అతని భుజం తట్టి, "ఇగ నీకు ఫికర్ లేదు తమ్మీ, మా పిల్లకు దొరికింది" అన్నాడు.

"ఏం జాయ్స్, ఇగ మాకు నమస్తే అన్న పెడ్తవా, చుక్కలల్ల కలిసిపోయినవా?" అని నవ్వాడు కిరణ్ పాల్.

బుధవారం సాయంత్రం వాన వెలిసి, మబ్బు విచ్చింది. కరెంటు పోయింది. ఉక్కకు తాళలేక తల్లీకూతుళ్ళు మేడెక్కారు. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు జనరేటర్ల మీద వెలుగుతూనే ఉన్నాయి. ఈ పక్క గోపన్‌పల్లి పాత ఇళ్ళ మీద మాత్రం కాస్త చీకటి దొరికింది.

"ఏదే నీ చుక్క? జర చూపియ్యి. అందరు అడుగుతున్నరు, నేనేమో సూడనే లేదు."

"కండ్లకు కనవడదమ్మా. అగో, ఆ క్రేను పక్కకు, పడమటికి వాలినట్టు నాలుగు చుక్కలున్నయి జూడు. ఆటి కాడ."

రెబెక్కా చాలాసేపు చూసింది. ఏమీ కనిపించలేదని ఆమె నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది. "బస్సుకు టైమైతుంది. డ్యూటీల నడిజాము దాటినంక జర పని తక్కువుంటది, మా దవాఖాన మీదికెక్కి సూస్తలే."

"అప్పటికెక్కడిదమ్మా? అన్నాలు తిని పండుకునేటాళ్ళకే మునుగుతది."

ఆ మాట అన్నాక జాయ్స్ అలాగే నిలబడిపోయింది.

పాత ఫైలులో జూన్ నెల కొలతలు ఎన్నో ఉన్నాయి. వాటి పక్కన రాత్రి ఎనిమిది, తొమ్మిది అని వేళలున్నాయి. ప్రపంచంలో ఖగోళం చదివినవాళ్ళంతా గ్రీనిచ్ కాలంలోనే రాస్తారని పుస్తకాల్లో ఉంటుంది. అందుకే అవీ గ్రీనిచ్ వేళలే అనుకుంది జాయ్స్. అలాగైతే ఇక్కడి గడియారం వేళ రావాలంటే వాటికి ఐదున్నర గంటలు కలపాలి. కలిపితే అర్ధరాత్రి దాటి చాలాసేపవుతుంది. జూన్‌లో ఆ వేళకి ఆ జంట ఆకాశంలోనే ఉండదు.

మరి ఆ అధ్యాపకులు దేన్ని చూసి కొలిచారు?

మర్నాడు పొద్దున్నే ఆ ప్రశ్నను పక్క కుర్చీలోని నితీష్ ముందు పెట్టింది. అతను భీమవరం నుంచి వచ్చిన ఇంటర్న్. ఇడ్లీ నములుతూనే గ్రాఫ్ వైపు వంగాడు.

"భూమి తవ్వి చూశారంటావా?"

"నవ్వకు నితీష్."

"నవ్వట్లేదు తల్లీ. మా మేష్టార్లైతే గోడ గడియారం చూసి రాస్తారు. గ్రీనిచ్‌కి ఫోన్ చేసి అడుగుతారేంటి? ఆ వేళల్లోంచి ఐదున్నర గంటలు తీసేసి చూడు."

తీసేసింది. పాత చుక్కలన్నీ జరిగి, కొత్త చుక్కల మీద చక్కగా సర్దుకున్నాయి. రెండు నెలల నుంచి ఆమెకు నిద్ర లేకుండా చేసిన తేడా ఎక్కడా మిగల్లేదు. నితీష్ నమలడం ఆపాడు. "అయ్యో" అన్నాడు, ఈసారి మామూలు గొంతుతో.

మధ్యాహ్నం ఉమాశ్రీ తన గదిలో పెరుగన్నం తింటుండగా జాయ్స్ వెళ్ళి లాప్‌టాప్ ఆమె ముందు పెట్టింది. మేడమ్ చెంచా పక్కన పెట్టి చూశారు. మళ్ళీ చూశారు.

"గ్రీనిచ్ అని ఫైలులో ఎక్కడైనా రాసుందా?"

"లేదండి. నేనే అనుకున్నా."

"నేనూ అడగలేదు." ఆమె కళ్ళజోడు తీసి ముక్కు మీది నొక్కులు రుద్దుకున్నారు. కళ్ళజోడు లేకపోతే ఆ ముఖం ఇంకా అలసటగా కనిపించింది. "బెంగళూరు ఖగోళ సంస్థ వాళ్ళకి కూడా రాసేశాను, కలిసి పేపర్ వేద్దామని." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "జాయ్స్, రేపు స్లైడు మీద 'ప్రాథమిక ఫలితం' అని పెట్టండి. అది అబద్ధమేం కాదు. పొడిగింపు వచ్చాక నెమ్మదిగా సరిచేద్దాం. మీ ఉద్యోగమూ నిలబడుతుంది, ఈ గదీ నిలబడుతుంది."

"ప్రాథమికం అంటే ఇంకా తేలలేదని కదా మేడమ్. మనకి తేలిపోయింది."

"ఈ నాలుగు కంప్యూటర్ల కోసం నేనెన్ని గుమ్మాలు ఎక్కానో మీకు తెలీదండీ." గొంతులో కోపం లేదు, వట్టి నీరసం. "సరే. నేను బలవంతం చెయ్యను. రేపు మాట్లాడేది మీరు."

గట్టిగా తిట్టినా బాగుండేది అనుకుంది జాయ్స్. పెద్దవాళ్ళు చెప్పినట్టు చెయ్యడమే ఆమెకు బడినుంచీ తెలిసిన పని. అలా చేసే ఇంతదాకా వచ్చింది. ఇప్పుడు చెప్పినట్టు చేస్తే ఉద్యోగం, నాన్న మాట, అమ్మ సాక్ష్యం అన్నీ నిలుస్తాయి. బస్సులో రాడ్ పట్టుకుని నిలబడి ఆ ఒక్క పదాన్నే, ప్రాథమికం అన్నదాన్నే, నోట్లో అటూ ఇటూ తిప్పుతూ ఇంటికి చేరింది.

రెబెక్కా అద్దం ముందు జడ ముడి వేసుకుంటోంది. కూతురు చెప్పిందంతా పిన్నులు పళ్ళ మధ్య పట్టుకునే విన్నది.

"తప్పు నీదా?" అంది పిన్నులు తీసి.

"నాదే. అడగకపాయిన."

"మరి నేను అందరి ముంగట నిలవడి చెప్తి గదనే."

"అదే పరేషాన్ అయితుందమ్మా. రేపు నేను ఇట్ల కాదంటే, నువ్వు చెప్పింది..."

రెబెక్కా గుమ్మం దగ్గరికి నడిచింది. చెప్పులు వేసుకుంది. ఒక చెప్పు పట్టీ సరిగా పడక మళ్ళీ వంగింది. లేచేటప్పుడు మోకాలు పట్టుకుని చిన్నగా మూలిగింది.

"నా మాట నేను చూసుకుంట. దాన్ని నువ్వు మొయ్యకు. నాకు తెల్వక చెప్పిన. తెలిసినంక నువ్వెట్ల చెప్తవు? అన్నం తిను, నాన్నకు పెట్టు. బస్సు పోతది."

శుక్రవారం ముగ్గురు సభ్యులు వచ్చారు. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు, ఒకావిడ శ్రద్ధగా బిస్కెట్టు తింటోంది. మధ్యనున్న తెల్లజుట్టు పెద్దాయన మాత్రం పెన్ను తీసి కూర్చున్నాడు. నితీష్ స్లైడ్లు తిప్పుతున్నాడు. ఉమాశ్రీ గోడకానుకుని చేతులు కట్టుకున్నారు.

పొంతన లేని మొదటి గ్రాఫ్ చూపించింది జాయ్స్. చుక్కలు సర్దుకున్న రెండోది చూపించింది.

"వారం కిందట మేం ఈ జంట మారుతోందనుకున్నామండి. మారట్లేదు. పాత కొలతల్లో ఉన్నది మన గడియారం వేళ. దాన్ని నేను గ్రీనిచ్ వేళ అనుకున్నాను. నేను లెక్క వేసిన వేళకి ఈ నక్షత్రం అస్తమించి ఉండాలి. ఆ సంగతి మొదట్లోనే చూసుకోవాల్సింది, చూసుకోలేదు."

పెద్దాయన పెన్ను మూశాడు.

"అంటే ఇన్నాళ్ళూ చేసి, ఏమీ లేదని తేల్చారా అమ్మా?"

"ఏమీ మారలేదని తేల్చామండి."

నితీష్ ఫక్కున నవ్వబోయి దగ్గుగా మార్చాడు. బిస్కెట్టు ఆవిడ మాత్రం నవ్వేసింది. పెద్దాయన నవ్వలేదు. గోడ దగ్గర్నుంచి ఉమాశ్రీ ఒక అడుగు ముందుకు వేసి, "ఈ పొరపాటు నా దగ్గర ఆగాల్సిందండీ. నేను ఆపలేకపోయాను" అన్నారు. అంత మాట ఆమె అంటారని జాయ్స్ అనుకోలేదు.

సాయంత్రానికి సంగతి తెలిసింది. ఈ ఏడాదికి పొడిగింపు లేదు. జాయ్స్ షోరూం మెట్ల మీద కూర్చుని, ఆ రోజు తానే వచ్చి తీసుకెళ్తానన్న నాన్న కోసం చూస్తుంటే ఉమాశ్రీ రెండు కాగితం కప్పుల్లో టీ తెచ్చి, చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని పక్కన కూర్చున్నారు.

"పోస్టు లేదండీ."

"తెలిసింది మేడమ్."

"మీ మీద కోపమొచ్చింది. ఇంకా కొంచెం ఉంది కూడా." టీ ఊదుకుని ఒక గుక్క తాగారు. "ఆ ఫైలులో మీ జంట ఒక్కటే లేదు కదా. ఇంకా చాలా నక్షత్రాలున్నాయి. అన్నింటి వేళలూ అలాగే రాసుంటారు."

"అవునండి. పొద్దున చూశాను."

"సోమవారం బెంగళూరు వాళ్ళతో మాట్లాడి, రాసింది వెనక్కి తీసుకోవాలి. ఆ తర్వాత ఎవరో ఒకరు ఆ ఫైలంతా సరిచెయ్యాలి. జీతం ఇవ్వలేను. రమ్మనడానికి నాకు మొహం లేదు."

"వస్తానండి" అంది జాయ్స్. అన్నాక గానీ, ఆ మాట తను ముందే అనుకుని ఉందని ఆమెకు తెలియలేదు.

ఆనందరావు క్యాబ్‌ను ఫ్లైఓవర్ దాటించాడు. రోజంతా ఎవరెవరినో మోసిన బండిలో సెంటు వాసనా, చిప్స్ వాసనా కలిసి ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగాక అడిగాడు.

"ఇచ్చిండ్రా బిడ్డా?"

"ఇయ్యలే నాన్న."

అతను స్టీరింగ్ మీద వేళ్ళతో చిన్నగా కొట్టాడు. "మళ్ళ కిరణ్ తమ్మికి ఫోన్ చెయ్యాలె ఇగ."

"చెయ్యి. ఇంటర్వ్యూ పెడితే పోత. సోమవారం మాత్రం వద్దను. మేడం కాడ పనుంది."

"నౌకరే లేదంటివి. గింకేం పని?"

"పాత సార్లు కరెక్టే రాసిండ్రు నాన్న. మేమే తప్పు చదివినం. గట్లనే ఇడిసిపెడితే ఎన్కొచ్చేటోళ్ళు గూడ గిట్లనే ఆగమైతరు. సరిజేసి పెట్టాలె."

"పైసలిస్తరా?"

"ఇయ్యరు."

"ఎన్ని దినాలు?"

"తెల్వది."

వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఆనందరావు గేరు వేశాడు. హైటెక్ సిటీ నుంచి ఇంటిముఖం పట్టిన బండ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కదులుతున్నాయి. జాయ్స్ అద్దానికి తల ఆనించింది. కళ్ళు మూస్తే ఈసారి గ్రాఫ్ ఏమీ రాలేదు.

"సోమవారం నార్సింగి ట్రిప్పు జర ఆల్చం" అంటున్నాడు నాన్న. "నిమ్మళంగ లెవ్వు. నేను దింపుత."

నిద్రలోకి జారుతున్న ఆమెకు ఆ మాట సగమే వినిపించింది.