మధ్యవర్తి సీసా

భార్య చంద్రభాగ చితికి అంబదాస్ నిప్పు పెట్టిన పూట అతని తమ్ముడు శంకర్రావు ధర్మాబాద్ మార్కెట్లో జొన్నలు తూకం వేయించుకుంటున్నాడు. గోదావరి ఒడ్డున బూడిద పిడికిట పట్టి అంబదాస్ ఒట్టేసుకున్నాడు: ఈ తమ్ముడితో ఈ జన్మలో మాట్లాడను.

ఆరేళ్లు నిలబెట్టుకున్నాడు. ఈలోగా రెండు కళ్లలో ప్రెషర్ పెరిగింది. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేయాలి. అంబదాస్ చేతులు వణుకుతాయి. ఇంట్లో మరో మనిషి లేడు. గోడవతల శంకర్రావు ఉన్నాడు. అతనే వచ్చి వేస్తాడు. ఇద్దరూ మందు సీసాతో మాట్లాడతారు.

“సీసా, అన్నకు చెప్పు, రెప్ప కొట్టద్దని.”

“సీసా, వానికి చెప్పు, గోర్లు తీసుకొమ్మని. పీనుగ లేచినంక అచ్చెటోడు గోర్లన్న యాళ్లకు తీసుకోవాలె.”

నాందేడ్ మొత్తంలో ఇంత నిష్ఠగా పగ నడిపే మనిషి లేడని అంబదాస్ నమ్మకం.

కుడి కంటికి శుక్లం తీయించుకున్నాడు. ఆరు వారాలకు శంకర్రావే ఆసుపత్రికి తీసుకొచ్చాడు. డాక్టరు కంటిమీద పరికరం ఆనించి ప్రెషర్ కొలిచాడు.

“ఇరవై ఎనిమిది ఉండేది, పదహారుకు దిగింది. శుక్లం తీస్తే కొందరికి ఇలా దిగుతుంది. ఈ కంటికి మందు ఆపేద్దాం. వచ్చే నెల ఎడమ కన్ను కూడా చేద్దాం. దానికీ దిగితే ఇక మందే అక్కర్లేదు.”

చీటీ రాస్తూ డాక్టరు బల్ల మీది మందు సీసాను తన వైపుకు లాక్కున్నాడు. అన్నదమ్ములిద్దరికీ నోరు పడిపోయింది.

అంబదాస్ లెక్కేసుకున్నాడు. రెండు కళ్లకూ మందు ఆగితే వీడు గడప తొక్కడు. రోజుకు నాలుగుసార్లు తిట్టడానికి మనిషి ఎక్కడ దొరుకుతాడు?

“ఎడమ కంటికి వద్దు సాబ్,” అన్నాడు.

“దాంతో ఏమీ కనబడటం లేదు కదా?”

“కనబడకపోనీ. ఈ కంటి ప్రెషర్ పోగొట్టుకున్న. ఆ కంటిదన్న నా దగ్గర ఉండనీ.”

డాక్టరు కలం ఆపి శంకర్రావు వైపు చూశాడు. శంకర్రావు సీసా వైపు చూశాడు.

“సీసా, అన్నను అడుగు. చూపొస్తనంటె వద్దనేటోడు ఏడన్న ఉంటడా?”

“సీసా, వానికి చెప్పు. నా చూపుతోటి వానికేం పని? నాలుగైతున్నది. ఇంటికి పోయి ఎడమ కంట్ల మందెయ్యమను.”